ఉయ్యాల గదికి నీళ్ళు

బెంగళూరు మారతహళ్ళి వెనుక సందులో సుశీల నడిపే శిశుగృహానికి రోజూ పాతికమంది దాకా పిల్లలు వచ్చేవారు. అందరూ బిల్డింగు పనికి వలస వచ్చిన కూలీల బిడ్డలే. వాళ్ళ దగ్గర ఆమె ఏమీ తీసుకోదు. పక్క గదిలో నలుగురు ఆడవాళ్ళు చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళకు వంట చేసి పంపుతారు. పిల్లల పాలూ, ఆయాల జీతాలూ ఆ వంట మీదే నడవాలి. సుశీలది బళేపేటలో గాజులమ్మే పాత తెలుగు కుటుంబం. భర్త పోయాక దుకాణం మరిదికి వదిలేసి ఈ పనిలోకి దిగింది.

ఆ వేసవిలో బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు పెద్ద అపార్టుమెంట్లకే పోయేవి. ఈ సందులోకి వారానికొకటి వస్తే గొప్ప. సుశీల స్టీలు పళ్ళేలు తీసేసి విస్తళ్ళు పెట్టించింది. పీజీల మంచినీళ్ళ ఫిల్టర్లు వదిలేసే నీళ్ళు అడిగి తెచ్చి నేల తుడిపించింది. అయినా పసిపిల్లల గుడ్డలు ఉతకడానికి నీళ్ళు మిగిలేవి కావు.

ఒక మధ్యాహ్నం వంటామె హనుమక్క ఖాళీ డ్రమ్ము వంచి చూపించింది.

"అక్కా, ఉండే నీళ్ళు వంటకన్నా వాడల్ల, గుడ్డలకన్నా వాడల్ల. రెండిటికీ యాడ చాలతాయి?"

"వంట నిలిపితే పిల్లోళ్ళకు పాలు ఎట్ల వస్తాయి హనుమక్కా?"

మర్నాడు సుశీల ఉయ్యాల గది మూసేసి, ఏడాది నిండని బిడ్డలను తీసుకురావద్దని తల్లులకు చెప్పింది. రేణుకా, ఇంకొకామే బిడ్డలను ఎత్తుకుని వెళ్ళిపోయారు. స్వప్న మాత్రం గుమ్మంలోనే నిలబడింది. ఆమె భుజం మీద కొడుకు అంజి నిద్రపోతున్నాడు.

"వీన్ని యాడ పెట్టేది మేడమ్? సైటంతా దుమ్ము."

"వానలు పడేదాకా ఓర్చుకోమ్మా" అంది సుశీల.

చివరికి ఒక ఉదయం సుశీల ఉండబట్టలేక ఆ తల్లులు పనిచేసే సైటుకు వెళ్ళింది. అంజి ఇసుక కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. నడుముకు కట్టిన పాత చీర పేలికను ఎవరో కిటికీ ఊచకు ముడేశారు. ముఖమంతా సిమెంటు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నోరు తెరుస్తున్నాడు గానీ శబ్దం రావడం లేదు. ఆ పక్కనే కొత్త గోడను తడుపుతున్న పైపులోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

సుశీల ముడి విప్పి, బిడ్డను ఎత్తుకుని మేస్త్రీ గంగన్న దగ్గరికి నడిచింది.

"ఈ నీళ్ళు మాకు కొంచెం ఇస్తావా గంగన్నా?"

"ఉప్పునీళ్ళమ్మా ఇవి, తాగేదానికి పనికిరావు."

"గుడ్డలు ఉతికేదానికి చాలు. పొద్దున బిడ్డను తెచ్చేటప్పుడు తల్లులు ఒక్కో క్యాను పట్టుకొస్తారు."

"బిల్డరు చూస్తే నన్ను తిడతాడే."

"నా పేరు చెప్పు. వచ్చి నన్నే తిట్టమను."

గంగన్న అంజి ముఖం వైపు చూసి, "సరే, తలా ఒక క్యానే" అన్నాడు.

మర్నాటి నుంచి తల్లులు ఒక చంకన బిడ్డను, ఇంకో చేత క్యానును మోసుకొచ్చారు. రేణుక మాత్రం ఖాళీ చేతులతో వచ్చింది. ఆమె అప్పటికే పాపకు పాలు మాన్పించి, ఊళ్ళో తల్లి దగ్గర వదిలేసిందట. సుశీల ఆమె చెయ్యి పట్టుకుంది.

తర్వాత వానలు పడ్డాయి. బోరులోకి నీళ్ళు రాలేదు. ఇప్పుడు ఆ సైటులో పని ముగింపుకొచ్చింది, ఆ పైపు నీళ్ళూ ఆగిపోతాయి.

"ఇంక యాడ అడుగుదాం అక్కా?" అంది హనుమక్క.

"అడుగుదాం. రొంతసేపు కూర్చోనీ" అంటూ సుశీల చెప్పులైనా విడవకుండా బల్ల మీద వాలిపోయింది.