ఆయా ‘ఆడుకో’ అన్న రోజు

మా చిన్నప్పుడు... బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో చలి మొదలైందని ముందు చెప్పేది పక్కింటి మేకలే! తెల్లారేసరికి రెండూ మా గడప ముందు ఎండ పడే చోటు పట్టేసి, ఒకదానికొకటి ఆనుకుని నిలబడేవి. నేను దుప్పటి కప్పుకునే పరుగెత్తి వాటి మధ్యలో దూరేదాన్ని. అబ్బ... ఏ కంబళికీ రాదు ఆ వెచ్చదనం!

అవి ఆయా మేకలు. ఆయా అంటే అక్కడి తమిళంలో అవ్వ. గని కార్మికుల ఇళ్ళ లైన్లో మా గోడనానుకున్న ఇల్లే ఆవిడది. ఒంటరి మనిషి. మేము బూదికోట దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఈ సంగతి జరిగేనాటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆవిడకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. మేకలకు మాత్రం రెండూ వచ్చు! నేను "దా" అన్నా వచ్చేవి, ఆవిడ "వా" అన్నా వెళ్ళేవి.

రెండిట్లో నా జట్టు కరుప్పి. నల్లగా నిగనిగలాడేది. నా జడ నమిలేది, గౌను జేబులో బఠాణీలు దొంగిలించేది... అయినా అదంటే నాకు ప్రాణం.

ఆ ఏడు కరుప్పి నిండు చూలుతో ఉంది. ముందటి చలికాలంలో దాని పిల్ల పుట్టిన రోజే చలికి బిగుసుకుపోయి చచ్చిపోయిందట. అందుకే ఈసారి పిల్ల పుట్టకముందే ఆయా గోనెసంచి కత్తిరించి బుల్లి చొక్కా కుట్టి, దండెం మీద వేసి పెట్టింది. నెలలు నిండాక కరుప్పిని గడప దాటనివ్వలేదు. లోపలే గుంజకు కట్టేసేది.

ఒక సాయంత్రం... సన్నగా తుంపర, ఈదురుగాలి. ఆయా సంచి పట్టుకుని బజారుకు బయల్దేరుతూ నన్ను పిలిచింది. గడ్డం పట్టుకుని మరీ చెప్పింది...

"ఆడు పాత్తుక్కో, కణ్ణు!"

నాకు వినబడిందేమిటి? ‘కణ్ణు’ నన్ను ముద్దుగా పిలిచేదే. మిగిలినదాంట్లో ముందు ‘ఆడు’. చివర ‘కో’. మధ్యలో ఏదో అరవం. అంటే... ఆడుకో!

ఎగిరి గంతేశాను! అప్పటిదాకా పెద్దవాళ్ళెవరూ తమంతట తాము నన్ను ఆడుకోమన్న పాపాన పోలేదు. కూర్చో, చదువుకో, నీళ్ళు తే... ఇవే. మరి కట్టేసిన మేకతో ఆడేదెట్లా? తాడు విప్పేశాను. దాగుడుమూతలు! గోడవైపు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టాను. ఒక్క అంకె కూడా మింగలేదు, ఒట్టు!

కళ్ళు తెరిస్తే కరుప్పి లేదు.

మొదట భలే సంబరమేసింది... మేక ఎంత తొందరగా ఆట నేర్చుకుందో అని! మంచం కింద చూశాను. కొళాయి దగ్గర చూశాను. గని మట్టి గుట్టగా పోసిన సైనైడ్ దిబ్బ దాకా పరుగెత్తాను. ఎక్కడా లేదు. నా పళ్ళు చలికి టకటకలాడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది దండెం మీది గోనె చొక్కా.

అంతలో గని సంగు మోగింది... సైరను అన్నమాట. షిఫ్టు దిగి వస్తున్న నాన్న నన్ను దారిలో పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఈ చలిలో యాడికి పరిగెత్తేది? ఏల ఏడుస్తా ఉండావు?"

"కరుప్పి పోయింది నాయనా... ఆయా ఆడుకో అన్నింది... నేను తాడు ఇప్పినాను..."

"ఆయాకు తెలుగు ఎప్పుడొచ్చింది? ఏమన్నిందో సరిగ్గా చెప్పు."

"ఆడు పాత్తుక్కో అన్నింది."

నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో నా తల్లీ! అరవంలో ఆడు అంటే మేక! మేకను చూసుకోమన్నింది నిన్ను!"

నా ఏడుపు రెట్టింపైంది.

"ఊరుకో అమ్మా, ఊరుకో. చలికి మేక యాడికి పోతాది? వెచ్చగుండే తావుకే కదా. మన లైన్లో వెచ్చని తావు యాడుండాది, చెప్పు?"

ఇద్దరం ఒక్కసారే అరిచాం... "బేకరీ!"

క్రిస్మస్ దగ్గరపడితే మా లైను చివరి బేకరీ పొయ్యి చల్లారేదే కాదు. ఆ మతం ఈ మతం లేదు, కేకు అన్ని ఇళ్ళకీ కావాలి! పరుగో పరుగు... బేకరీ వెనక, పొయ్యి గోడకు వీపు ఆనించి పడుకుని ఉంది మా కరుప్పి! పక్కన తడితడిగా, లేస్తూ పడుతూ ఒక బుల్లి నల్లపిల్ల! గాలి నిండా కేకు వాసన... పిల్ల బతికే ఉంది! నేను గెంతిన గెంతులకు బేకరీవాళ్ళంతా బయటికొచ్చారు.

నాన్న స్వెటర్ విప్పి పిల్లను చుట్టాడు. కరుప్పి మా వెనకే నడిచింది. ఇంటి దగ్గర ఆయా ఖాళీ తాడు చేత్తో పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. నాన్న జరిగిందంతా గనిలో నేర్చిన వచ్చీరాని తమిళంలో చెబుతుంటే నేను ఆయన వెనక దాక్కున్నాను. ఆయా పిల్లను తీసుకుని, ఒళ్ళంతా తడిమి, గోనె చొక్కా తొడిగింది. తర్వాత నావైపు తిరిగింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆడుకో?" అంది. అంతే... కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

పిల్లకు ఆ పేరే పెట్టింది! ఇక రోజూ తమాషానే. సాయంత్రం ఆయా గుమ్మంలో నిలబడి "ఆడుకో... ఆడుకో!" అని కేకేస్తే, మేకపిల్ల కంటే ముందు తెలుగిళ్ళ పిల్లలం పుస్తకాలు పారేసి బయటికి దూకేవాళ్ళం. "మేకను పిలిస్తే మీరెందుకే పోయేది!" అని మా అమ్మ వెనకాల అరిచేది.

ఇప్పుడు గని మూతపడింది. సంగు మోగదు. మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆయా పోయి చాలా ఏళ్ళైంది. మొన్న చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆ లైనుకు వెళ్ళాను. ఆయా గుమ్మం ముందు ఎండలో ఎవరివో మేకలు, ఒకదానికొకటి ఆనుకుని... "ఆడుకో!" అన్నాను. ఒకటి తలెత్తి చూసింది. ఎవరు పిలిచినా మేకలు చూస్తాయి, నాకు తెలుసు. అయినా వెళ్ళి వాటి మధ్యలో దూరి కూర్చున్నాను.

మిమ్మల్ని చిన్నప్పుడు ఆడుకోమని పిలిచిన గొంతు ఎవరిది? చెప్పండి... ఇప్పుడు మనల్ని అలా పిలిచేవాళ్ళెవరూ లేరు కదా. నన్ను పిలిచినావిడ కూడా, పాపం... మేకనే పిలిచింది!