ఎత్తెక్కేటప్పుడు ఏడుస్తుంది

కాలిన గేరు నూనె వాసన చాలామందికి పడదు. కుళ్ళిన కోడిగుడ్డుకి కాలిన రబ్బరు తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొన్న సోమవారం పొద్దున్న, వాన వెలిశాక, రతన్‌పూర్ వైపు నుంచి కూరగాయలు తెచ్చే పికప్ బండి ఒకటి మా షెడ్డులోకి వచ్చింది. వెనక ఇరుసు కింద పళ్ళెం పెట్టి బోల్టు విప్పగానే నల్లటి నూనె, ఆ వాసన ఒక్కసారే బయటపడ్డాయి. పనివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. నేను మాత్రం దగ్గరికి వెళ్ళి, నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది వెలుగుకి పట్టి చూశాను. ఇనుప రజను సన్నగా మెరిసింది. ఆ మెరుపుని చూడడం నేర్పిన మనిషి పోయి నాలుగేళ్ళయింది. అయినా ఆ వాసన తగిలినప్పుడల్లా ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని, "ఏటి కనబడతంది పాపా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఆయన పేరు పైడిరాజు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు గుమ్మాల అవతల ఉండేవారు. మా తాతగారిలాగే వాళ్ళ నాన్నగారూ విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా నాన్నగారికంటే రెండేళ్ళు చిన్న కాబట్టి నాకు బాబాయి. ఉద్యోగమంతా గూడ్సు యార్డులోనే చేశారు. బండి వచ్చి ఆగగానే పెట్టె వెంట పెట్టె నడుస్తూ, ఇరుసు డబ్బాల మీద చెయ్యి ఆనించి వేడి చూడడం, సుత్తితో చక్రాన్ని కొట్టి మోత వినడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక సిర్గిట్టి రోడ్డులో ఒక రేకుల షెడ్డు తీసుకుని పికప్ బండ్ల వెనక ఇరుసులు బాగుచేసే పని పెట్టుకున్నారు. ఇంజిను పని అని ఎవరైనా వస్తే పక్క షెడ్డు చూపించేవారు. "తెలిసిన పనొకటి సరిగ్గా సేస్తే సాలు" అనేవారు.

పికప్ బండి వెనక నిలబడి వంగి చూస్తే, రెండు చక్రాల మధ్య ఇరుసు గొట్టం నడిమికి వచ్చేసరికి గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు. ఇంజిను తిప్పే తిప్పుడుని అది రెండు చక్రాలకీ పంచుతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం పరిగెత్తాలి కదా, ఆ తేడాని అది సర్దుతుంది. అందులో పళ్ళచక్రాలు అరిగినా, బేరింగులు పాడైనా బండి కూత పెడుతుంది. ఆ కూత ఎక్కడిదో కనిపెట్టడమే ఈ పనిలో అసలు విద్య. విప్పడం, బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు.

నేను ఆ షెడ్డుకి వెళ్ళేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. బీకాం పూర్తి చేసి, బ్యాంకు పరీక్షలు మూడుసార్లు తప్పి, ఎవరు పలకరించినా తల దించుకుని తిరుగుతున్న రోజులు. ఒక ఆదివారం బాబాయి మా ఇంటికి వచ్చి, కాగితం పని చేసే మనిషి కావాలని అడిగారు. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల ఆ గ్రీజుల మధ్యన ఏటి సేస్తాది మరిదిగారూ?" అంది.

"సేతులతో కాదొదినా, కలంతో. ఇది హిందీ రాస్తాది. పల్లెటూరి డ్రైవర్లు ఛత్తీస్‌గఢీలో సెప్పినా దీనికి అర్థమవుతాది. నాకలాంటి మనిషే కావాల" అన్నారాయన.

మొదటిరోజే నా రాతని చింపేశారు. ఇటుకలు తోలే డ్రైవరొకడు వచ్చి పావుగంట సేపు తన బండి గురించి చెప్పుకున్నాడు. అంతా విని, చదువుకున్నదాన్ని కదా అని, ఒక్కో బండికీ రాసే కార్డు మీద 'డిఫరెన్షియల్‌లో శబ్దం' అని అందంగా రాశాను. బాబాయి ఆ కార్డు తీసుకుని చూసి, అడ్డంగా చింపి నా బల్ల మీద పెట్టారు.

"ఇది నీ మాట. అతనేటన్నాడు?"

"ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది అన్నాడు బాబాయ్. 'చఢాన్ మ రోథే' అన్నాడు."

"అచ్ఛా! అలగే రాయి. ఎక్కినప్పుడు ఏడిస్తే పన్ను ఒక వేపు అరిగినట్టు. దిగినప్పుడు ఏడిస్తే రెండోవేపు అరిగినట్టు. రెండిట్లోనూ ఏడిస్తే పన్ను కాదు, బేరింగు. అతను సగం రోగం సెప్పీసినాడు, నువ్వు దాన్ని తుడిచీసినావు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ కొత్త కార్డు తీసి, ఆ డ్రైవరు అన్నమాట అన్నట్టే రాశాను. ఆ సాయంత్రం ఇరుసు విప్పినప్పుడు పినియన్ అనే చిన్న పళ్ళచక్రానికి పళ్ళు ఒక పక్కనే గీరుకుపోయి ఉన్నాయి. బాబాయి నన్ను పిలిచి నా వేలు పట్టుకుని ఆ గీరుడు మీద ఆనించారు. నా జీవితంలో నేను రాసిన మాటొకటి నిజమై, ఇనుములో కనబడడం అదే మొదటిసారి.

ఆ తర్వాత మూడేళ్ళు ఆయన నాకు తెలియకుండానే నాకు పని నేర్పేశారు. బండి నడపడం నేర్పించారు. పక్క సీట్లో కూర్చుని, ఒక అరచెయ్యి నేల రేకు మీద ఆనించి, "ఇప్పుడు కాలు తియ్యి. ఇప్పుడు తొక్కు. ఏటి మారింది సెప్పు" అని నాచేతే చెప్పించేవారు. బొగ్గు రోడ్డులో తిరిగే ఒక బండికి చక్రం దగ్గర నూనె కారుతోందని ఇంకోచోట మూడుసార్లు, నూనె ఆపే రబ్బరు సీలు మార్చారు. మూడుసార్లూ మళ్ళీ కారింది. మా దగ్గరికి వస్తే బాబాయి సీలు ముట్టుకోనే లేదు. ఇరుసు మీద గాలి పోవడానికి చిటికెనవేలంత గొట్టం ఉంటుంది, దాన్ని తీగతో పొడిచారు. గట్టిపడిన బొగ్గు మట్టి ఊడి పడింది.

"లోపల వేడెక్కిన గాలికి దారి లేకపోతే ఏటవుద్ది? ఎటో వేపు కక్కుద్ది. మడిసైనా అంతే కదేటి" అని నవ్వారు.

ఇలా నేర్చుకుంటూ నేర్చుకుంటూ నాకు కొంచెం తల తిరిగింది. డ్రైవర్లు 'దీదీ' అని పిలుస్తూ, మిస్త్రీ, అంటే బాబాయి, లేకపోయినా నన్నే అడిగేవారు. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పాలి.

బాబాయి మేనకోడలి పెళ్ళికని విజయనగరం వెళ్ళి పదిరోజులు ఉన్నారు. షెడ్డు నాకు అప్పజెప్పారు. అప్పుడు దుకాలూ అనే టమాటాల డ్రైవరు వచ్చాడు. రతన్‌పూర్ దగ్గర పల్లె. బండి అతని సొంతం. మెతక మనిషి, మాట కూడా నేల చూస్తూ చెబుతాడు. బండి మూలుగుతోందన్నాడు. నేనే నడిపి చూశాను. చెవులకి స్పష్టంగా వినబడింది, నడిమి నుంచే అనిపించింది. దిగి, డిఫరెన్షియల్ విప్పమని పనివాళ్ళకి చెప్పేశాను. దుకాలూ నా వెనకే వస్తూ, "దీదీ, ఎడమకి తిప్పితే మూలుగు పెరుగుతుంది" అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. "చూశాను భయ్యా" అన్నాను. ఆ మాట కార్డు మీద రాయలేదు. పినియన్ బేరింగులు కొంచెం అరిగి కనబడ్డాయి, మార్పించాను. కొత్త నూనె పోశాక, ఖాళీ బండిలో మూలుగు తగ్గినట్టే వినిపించింది. పంపేశాను.

బండి ఎడమకి తిరిగితే బరువంతా కుడిచక్రం మీద పడుతుంది. పాడైనది కుడిచక్రం బేరింగు. ఐదో రోజున, టమాటాల లోడుతో వస్తూ దుకాలూ ఒక మలుపు తిరుగుతుంటే, కుడివైపు చక్రం లోపలి షాఫ్టుతో సహా ఇరుసులోంచి జారి బయటికి వచ్చేసింది. బండి పొలంలోకి ఒరిగింది. అతని చెయ్యి విరిగింది.

బాబాయి తిరిగొచ్చిన పొద్దున్నే మా పనివాళ్ళు ఆ బండిని గొలుసులతో లాగి తెచ్చారు. మాడి నీలంగా మారిన బేరింగు ముక్కని ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత కార్డు అడిగారు. అందులో నా మాటలే ఉన్నాయి.

"ఎడమకి తిప్పితే పెరిగిందని అన్లేదా అతను?"

"అన్నాడు బాబాయ్. రెండుసార్లు అన్నాడు."

ఆయన బేరింగు ముక్కని ఆ కార్డు మీద పెట్టి నా ముందుకి జరిపారు. ఆ రెంటినీ చూడలేక, రేపట్నుంచి పనికి రానన్నాను.

"మానీడం తేలిక పాపా. ఎల్లి అతనికి సెప్పడం కష్టం. కష్టం పని ముందు సెయ్యి, తేలికపని తర్వాత సూద్దాం. పద, నేనూ వస్తాను."

రతన్‌పూర్ బస్సులో వెళ్ళాం. దారంతా చెప్పాల్సిన మాటలు హిందీలో కూర్చుకుంటూనే ఉన్నాను. దుకాలూ ఇంటి ముందు అతని అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. దుకాలూ కట్టుతో గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. భార్య గుమ్మంలో నిలబడింది. బాబాయి నా పక్కన నిలబడ్డారు గానీ నా బదులు ఒక్కమాట మాట్లాడలేదు. నేనే హిందీలో చెప్పాను. పాడైంది చక్రం బేరింగు అని, మీరు రెండుసార్లు చెప్పినా నేను వినలేదని, తప్పు బండిది కాదు, మీది కాదు, నాదేనని.

అతని భార్య అరుస్తుందనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. బావగారి వైపు తిరిగి, "విన్నారా? ఇప్పుడు విన్నారా?" అని ఏడ్చేసింది.

అప్పుడు తెలిసింది. అతను నడుపుతూ నిద్రపోయాడని, పొలంలోకి ఒరిగిన దెబ్బకే చక్రం ఊడిందని ఊరంతా అనుకున్నారు. తాగి ఉన్నాడని కూడా కొందరన్నారు. సొంత అన్నే అతని మాట నమ్మలేదు. మండీలో, అంటే కూరగాయల మార్కెట్లో, వ్యాపారులు చెయ్యి బాగుపడ్డా నీకు లోడు ఇచ్చేది లేదని కబురు చేశారు. అందరూ అంటుంటే, నిజంగానే కునుకు పట్టిందేమోనని దుకాలూకే అనుమానం వచ్చేసింది. అతను తలెత్తి నన్ను అడిగాడు. "అయితే నేను నిద్రపోలేదు కదా దీదీ?"

"లేదు భయ్యా. మీరు మెలకువగానే ఉన్నారు. నేనే లేను."

అన్న మంచం మీంచి లేచి వెళ్ళి తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ వ్యాపారులకి కూడా నన్నే చెప్పమన్నాడు. మర్నాడు మండీకి వెళ్ళి, ముగ్గురి ముందు మళ్ళీ అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం కూడా తేలికవలేదు.

ముందురోజు రతన్‌పూర్ నుంచి తిరిగొచ్చే బస్సులో బాబాయితో అన్నాను, "మీరుండి ఉంటే ఒక్క చుట్టులో ఆ మూలుగు పట్టేసేవారు."

ఆయన నా మొహం వైపే చూస్తూ అన్నారు, "నాకది వినబడదు పాపా."

నాకు అర్థం కాలేదు.

"ఆరేళ్ళయింది. యార్డులో సుత్తి మోతలకి పోనాది. మడిసి ఎదురుగా ఉండి మాటాడితే తెలుస్తాది. ఆ సన్న కూత అసలు తెలీదు. సెవుటి మిస్త్రీ కాడికి బండెవడు తెస్తాడు సెప్పు? అందుకే ఎవరికీ సెప్పలేదు. మీ పిన్నికీ సెప్పలేదు. నీసేత డ్రైవరు మాట రాయించింది నీకు నేర్పడానికి కాదు. నాకోసమే. నాకదొక్కటే దారి."

నేల రేకు మీద ఆయన అరచెయ్యి ఎందుకుండేదో, కూత మారిందా అని ప్రతిసారీ నన్నే ఎందుకు అడిగేవారో అప్పుడు తెలిసింది. ఆయన నెమ్మదిగా అన్నారు, "నీకు సెవులున్నాయి. అందుకని అతని మాట ఒగ్గేసినావు. అంతే. పెద్ద పాపమేటీ కాదు. మళ్ళీ సెయ్యకు."

దుకాలూ బండికి కొత్త షాఫ్టు, బేరింగు, సీలు నా చేతులతో నేనే వేశాను. బాబాయి స్టూలు మీద కూర్చుని చూశారు, పానా కూడా అందివ్వలేదు. చెయ్యి కట్టు విప్పాక దుకాలూ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. లోడు వేసుకుని, ఎడమకి పదిసార్లు, కుడికి పదిసార్లు తిప్పాను. "చుప్ హో గే" అన్నాడు, ఊరుకుంది అని, చంటిపిల్ల ఏడుపు ఆపాక తల్లి అన్నట్టు. ఆ తర్వాత అతను బండి బాగుకి ఇంకే షెడ్డుకీ వెళ్ళలేదు.

బాబాయి రహస్యాన్ని ఆయన పోయేదాకా దాచాను. పదకొండేళ్ళు ఆయనకి చెవులు నేనయ్యాను, ఆయన నాకు చేతులయ్యారు. తర్వాత షెడ్డు నాకు వచ్చింది. నాకిప్పుడు నలభై రెండు. బ్యాంకు ఉద్యోగం వచ్చి ఉంటే నేనెలా ఉండేదాన్నో తెలియదు గానీ, తప్పు చేసిన చోటికి నడిచి వెళ్ళగల మనిషిని మాత్రం అయ్యేదాన్ని కాదు. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్ష.

పోయిన ఏడాది డాక్టరు నా ఎడమ చెవిని పరీక్షించి, సన్నటి శబ్దాలు తగ్గిపోయాయని చెప్పింది. ఇంటికి వెళ్ళి రెండురోజులు ఆలోచించాను. బాబాయికి ఎంత భయం వేసి ఉంటుందో, ఆరేళ్ళు ఒంటరిగా ఎలా మోశారో అప్పుడే నిజంగా అర్థమైంది. మూడోరోజు పనివాళ్ళందరినీ పిలిచి చెప్పేశాను. వచ్చే డ్రైవర్లకీ చెబుతున్నాను. ఒక్క బండీ తగ్గలేదు.

సోమవారం వచ్చిన ఆ కూరగాయల డ్రైవరు కుర్రవాడు, కొత్త. నా వెనక నిలబడి ఏదో గొణిగాడు. కార్డు, కలం తీసుకుని అతని వైపు తిరిగాను.

"నాకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు భయ్యా. ఇటు ఎదురుగా వచ్చి, బండి ఎలా అరుస్తోందో అలాగే అరిచి చూపించు."

వాడు సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు. తర్వాత నా ముందుకి వచ్చి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు గాల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతెత్తి మూలిగాడు.