మా అమ్మాయి ఆపిన కారు

నేను కెనడాలోని రెజైనాలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడికి దగ్గర్లోనే ఓ పల్లెటూరి పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుల్‌గా చేరిన మా అమ్మాయి సుధను చూడ్డానికి ఒక చలికాలం గోంగూర పచ్చడి పట్టుకుని కొత్త కారులో బయల్దేరాను. రోడ్డు ఖాళీగా ఉందని కాస్త గట్టిగానే తొక్కాను. వెనక పోలీసు లైట్లు వెలిగాయి.

మన దేశపు అలవాటు కొద్దీ మర్యాదగా కారు దిగి, లైసెన్సు కోసం జేబులో చెయ్యి పెట్టి వాళ్లవైపు నడిచాను.

“సర్! షో మీ యువర్ హ్యాండ్స్! గెట్ బ్యాక్ ఇన్ ద కార్!” అని మైకులో అరుపు. గబగబా వెళ్లి కారులో కూర్చున్నాక తట్టింది, ఆ గొంతు సుధది! టోపీ, మఫ్లర్లలో నన్ను తనూ గుర్తుపట్టలేదు.

దగ్గరికొచ్చి చూసి కంగుతింది. “నాన్నా! ఇక్కడ పోలీసులు ఆపితే ఎప్పుడూ దిగొద్దు, జేబులో చెయ్యి పెడితే తుపాకీ తీస్తున్నారనుకుంటాం, ప్లీజ్!” అంది.

మన పిల్లే కదా, వదిలేస్తుందిలే అనుకుని నవ్వాను. తను వెనక్కి తిరిగి, జీపులో ఉన్న సార్జెంటును పిలిచింది.

“సర్, హీ ఈజ్ మై డాడ్. ఈ కేసు నేను చూడకూడదు.”

ఆయన వచ్చి స్పీడుగా నడిపినందుకు ఫైన్ టికెట్ రాసిచ్చాడు. పచ్చడి సీసా కూడా సుధ డ్యూటీ దిగాకే తీసుకుంది.

“కన్నతండ్రికి టికెట్టా!” అని ఇంటికెళ్లాక మా ఆవిడ మండిపడింది. నేను మాత్రం కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఫైన్ పడ్డ సంగతి ఇంత గొప్పగా చెప్పుకున్న తండ్రిని నేనొక్కణ్నేనేమో!