మంచు తిమింగలం, నాన్న పేరు

తన బిడ్డల్లో ఒక్కరినీ మరువని దేవునికి స్తోత్రం.

ఐర్లండ్‌లోని మా డ్రోహెడాలో ఈ ఉదయం కిటికీ తెరవగానే నది మీది మంచు తడి వాసన గదిలోకి వచ్చింది. ఆ వాసనతో నా పన్నెండో ఏడు, కరోనా నాటి వసంతం, తిరిగొస్తాయి: బడి లేదు, మందిరానికి తాళం, ఇంటినిండా మిరియాల చారు ఘాటు, ఈస్టర్ సేమ్యా పాయసంలో నేతిలో వేగిన జీడిపప్పు, మధ్యాహ్నాలు అన్నయ్యా నేనూ ఒకే దుప్పటిలో దూరి చూసిన జపాన్ కార్టూన్. అందులో ఆకాశంలో ఈదే తెల్లటి తిమింగలం ఉండేది. కొండంత ఒళ్లు, నోట్లోంచి మంచు. ఆ మంచులో చిక్కినవాళ్లను కన్నతల్లి కూడా మరిచిపోయేది. భోజనాల దగ్గర ఖాళీ చోటు ఎవరిదో ఇంట్లోవాళ్లకే తెలిసేది కాదు. బైబిల్లో యోనాను మింగిన చేప మూడో రోజుకైనా కక్కింది, ఇది పేరు కూడా కక్కదే అని వణికేదాన్ని.

"ఇట్స్ ఓన్లీ ఎ కార్టూన్, యూ ఆర్ గ్రాండ్," నీకేం కాదులే అన్నట్టు అనేవాడు అన్నయ్య.

నాన్న ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవారు. ఆరాధన ఫోన్లోనే కాబట్టి పైన ఇస్త్రీ చొక్కా, టై, కింద లుంగీతో కూర్చుని, ఏ తెగులూ మన గుమ్మం తొక్కదని గట్టిగా సాక్ష్యం చెప్పారు. ఆ వారమే జ్వరం, ఆయాసం. అంబులెన్స్ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. మమ్మల్ని వెంట రానివ్వలేదు.

"ఎవరికీ చెప్పమాకండి," అంది అమ్మ. "అంత సాక్ష్యం చెప్పిన మనిషికే వచ్చిందంటే విశ్వాసం లేదంటారు."

ఆదివారం పాస్టర్‌గారు రోగుల కోసం ఒక్కొక్కరి పేరూ పలికి ప్రార్థించారు. గుంటూరులో ఎవరి అత్తగారో, దగ్గర్లోని నేవన్‌లో ఎవరో బాలింత, ఒకరి మోకాలి నొప్పి కూడా ప్రార్థనలోకి వచ్చింది. నాన్న పేరు రాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ అందరితో పాటు "ఆమెన్" అంది.

మంచు మా ఇంట్లోకే వచ్చేసింది.

మ్యూట్ తీశాను. "అంకుల్, మా నాన్న ఏసురత్నం ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన పేరు చెప్పలేదు."

అమ్మ ఫోన్ లాక్కోబోయింది. అంతలో ప్రతివారం పాట ఎత్తుకునే రూతమ్మ ఆంటీ, కాసేపటి క్రితమే తన భర్త డ్యూటీకి వెళ్లారని నవ్వుతూ చెప్పిన ఆంటీ, నోరు తెరిచింది. "మా ఆయన పేరు కూడా పలకండయ్యా. దావీదు. మిషన్ మీద ఊపిరి పీలుస్తున్నారు."

అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. "మీ ఇంట్లోనూనా వదినా?"

"మీరేమనుకుంటారోనని, వదినా."

నాన్న తిరిగొచ్చారు, చాన్నాళ్లు మెట్లెక్కలేక సోఫాలోనే పడుకున్నారు. దావీదు అంకుల్ రాలేదు. ఆయన సమాధి కార్యక్రమం కూడా ఫోన్లోనే చూశాం.

ఇప్పుడు అన్నయ్య కిల్కెన్నీలో ఉద్యోగంలో ఉన్నాడు. మా దుప్పటి మధ్యాహ్నాలు పోయాయి. నాన్న గట్టి సాక్ష్యాలూ పోయాయి. మందిరంలో లేచి నిలబడి, "ఒంట్లో బాగోకపోతే దాచుకోమాకండి," అంటారంతే. రూతమ్మ ఆంటీ పాట ఎత్తుకోవడం మానేసి చివరి వరుసలో కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు, "ఆ ఆంటీ మొదట్నుంచీ ఒంటరేనా?" అని నన్నడిగారు మొన్న.

చదివే మీరు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకుని మాతో ప్రార్థించండి. దావీదు భార్య రూతమ్మ కోసం అని, ఆ ఇద్దరి పేర్లూ పైకి పలికి.