తిరగేసిన వాల్‌నట్ పొర

మొన్న నంద్యాలలో మా కోడలు బీరువా కొంటానంటే వెంట వెళ్లి, వాల్‌నట్ చెక్క అని చెప్పి అమ్ముతున్న తలుపులను తడివేలితో రుద్ది, వంగి, అటూ ఇటూ నడిచి చూస్తుంటే ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. మూడు తలుపుల మీదా ఒకే చోట ఒకే ముడి అచ్చుగుద్దినట్టు ఉంటే అది చెక్కా, కాగితమా? ఈసారి నా అనుమానం నిజమే అయింది కానీ, మన వయసువాళ్లకు చెప్పుకుంటే తప్పేముంది, ఇదే అనుమానం ఒకప్పుడు నన్ను నిలువునా ముంచింది.

అప్పట్లో నంద్యాలలోని నా వడ్రంగి కొట్టంలో ఆళ్లగడ్డ చర్చి ఒకదానికి ప్రసంగపీఠం చేస్తున్నాం. దాని ముందుభాగానికి అతికించమని పాస్టరుగారు ఎక్కడినుంచో తెప్పించిన వాల్‌నట్ పొరలు, కాగితమంత పలచనివి, గాలి తగిలిన నీళ్లలా అలలు దేరినవి, నేను అంతవరకు ఎరగనివి. ఆ పని తెలిసినవాడు మా అక్క భర్త, ఆళ్లగడ్డ బావ ఒక్కడే. అలలున్న పొర ఊరికే ముడుచుకుంటుందని, తడిపి బరువు కింద చదును చేస్తానని ఆయన వాటిని ఇంటికి తీసుకుపోయిన రెండు రోజులూ, అక్కడ పొరలు మారిపోతాయేమోనని నాకు ఒకటే అనుమానం.

తెచ్చి, ఒకే దుంగలోంచి వరుసగా తీసిన రెండు పొరలనూ పుస్తకం తెరిచినట్టు పరిచాడు. ఎడమది మెరుస్తోంది, కుడిది నల్లగా చచ్చుగా ఉంది. మంచిది దాచుకుని నాసిది పెట్టాడని నాకు రూఢి అయిపోయింది. పొర మారినట్టుందే అని అనేశాను, అదీ పనివాళ్ల ముందర. బావ సంజాయిషీ చెప్పుకునే మనిషి కాదు.

"నమ్మకం ల్యాకుంటే నువ్వే అతికించుకో అప్పా" అని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

వేరే దారి లేక వాటినే అతికించాను. చర్చిలో పీఠం నిలబెట్టిన రోజు అవతలి తలుపు నుంచి వస్తూ చూద్దును కదా, నల్లది మెరుస్తోంది, మెరిసినది నల్లబడింది. ఒక పొరను తిరగేసి జతచేస్తే దాని అలలు వెలుగును ఎదురుదిక్కుకు విసురుతాయి. పక్కకు నాలుగడుగులు వేసి చూడాలన్న బుద్ధి ఆరోజు నాకు పుట్టలేదు.

అక్కణ్నుంచే బావ ఇంటికి పోయి తప్పయిందన్నాను. అక్క అన్నం పెట్టింది. నేను చెయ్యి కడుక్కుంటుంటే బావ అన్నాడు.

"పొరను అంతసేపు చూస్తివి. నా మొగం ఒక్కసారి చూసింటే సరిపోతాండె గదప్పా."

ఆ తర్వాత పెళ్లిళ్లకూ చావులకూ వచ్చాడు గానీ, నా కొట్టంలో మళ్లీ కాలు పెట్టలేదు.

ఇప్పుడు పొర అతికించిన పలకలు కార్ఖానా నుంచే తయారై వస్తున్నాయి. ఒకరు పట్టుకుంటే ఒకరు అతికించే పనే లేదు, పక్కన అనుమానించడానికి మనిషీ లేడు. అన్నేళ్లూ బావ మళ్లీ పనికి వస్తాడని నేను ఎదురుచూస్తూనే ఉన్నానన్న సంగతి, ఆయన పోయిన రోజు గానీ నాకు తెలియలేదు.