బరువు తగ్గించిన ఇంజనీరు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి: ఒకటి ఆకలి, రెండోది తెలివి. ఆకలికి ఉప్పల్ చౌరస్తాలో మిర్చీబజ్జీలు దొరికేవి. రెండోదానికి మాత్రం నాచారంలో నేను కొత్తగా చేరిన షెడ్డులోనే మందు దొరికింది. ఒక పార్కు వాళ్ల కోసం అక్కడ చిన్న ఆవిరి ఇంజను కడుతున్నాం. ట్రయల్ పాసైతేనే నా ఉద్యోగం పర్మనెంటు. పార్కులో పరిచేవి సన్నటి పట్టాలు కాబట్టి ఇంజను తేలిగ్గా ఉండాలి. బాయిలర్ మామ (రైల్వేలో రిటైరైన ఫిట్టరు, షెడ్డంతటికీ మామే) నీళ్ల ట్యాంకును పాత పద్ధతిలో బాయిలర్ మీదే, గుర్రానికి జీను వేసినట్టు పెట్టమన్నాడు. నేను వింటానా? కంప్యూటర్లో ట్యాంకును కిందికి దించి, వెనకాల వేరే బండి మీద పెట్టేశాను.

"జర సోంచాయించు సారూ, మరీ అల్కగైతే చక్రం పట్టాను పట్టదు" అన్నాడు మామ. "లెక్క వేశాను మామా" అన్నాను, ఆయన వైపు చూడకుండానే.

ట్రయల్ రోజు పార్కు వాళ్లు వచ్చారు. ఇంజను కూత వేసింది, పొగ వదిలింది, నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి. ఇంజను మాత్రం ఉన్నచోటనే ఉంది! "ఏందిరా భై, ఇంజన్ జెయ్యమంటే పిండిగిర్ని జేసిన్రా?" అన్నాడు మా షెడ్డు యజమాని సేటు. మామ నిదానంగా, "సేటూ, జర మీరు ఎక్కున్రి" అన్నాడు. సేటు ఎక్కాడు (ఆయన శరీరం గురించి నేనేమీ అనడం లేదు), ఇద్దరు వెల్డర్లు ఎక్కారు, ఇంజను బుద్ధిగా కదిలింది. "బాగానే ఉంది కానీ, రోజూ సేటును పంపిస్తారా?" అని అడిగాడు పార్కు పెద్దాయన.

"ట్యాంక్ కిందికి దించిందెవడు?" సేటు గొంతుకు షెడ్డు అదిరింది. "నేనే సేటూ. ముసలోన్ని, పొరపాటైంది. పిలగాడు వద్దనే అన్నడు" అన్నాడు మామ. సేటు ఆయనను అందరి ముందూ కడిగేశాడు. నేను నోరు మెదపలేదు, నా నోరు పడిపోను!

నెల తిరిగేసరికి ట్యాంకు బాయిలరెక్కింది. ఆహా, ఏం పనితనమండీ అది! ఆ నీళ్ల బరువే చక్రాలను పట్టాలకు అదిమి పట్టింది, పట్టాలు వంగేంత బరువూ కాలేదు. ఈసారి ట్రయల్ పాసైంది, నా ఉద్యోగం నిలిచింది. కొత్త డ్రాయింగు కింద సిగ్గుతో మామ పేరు రాస్తే, ఆయన కొట్టేసి నా పేరు రాయించాడు. "తప్పు నేను తీస్కున్న గద బిడ్డా, ఒప్పు నువ్వు తీస్కో. నౌకరీ కావాల్సింది నీకు."

ఆ పేరే పలక మీద చెక్కి ఇంజనుకు బిగించారు. ఇప్పటికీ ఆదివారాలు ఆ పార్కుకు వెళ్తుంటాను. ఇంజనును కళ్లారా చూసుకుంటాను కానీ, పలక ఉన్న వైపు నిలబడను.