నారింజ రంగు జాకెట్టు ముక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బీఎస్సీ కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు వచ్చిన ప్రతివాడికీ కొన్నాళ్లు ఈ జబ్బు ఉంటుంది (నాకు కాస్త ముదిరింది). అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి, మౌలాలిలో టంగ్‌స్టన్ పొడి తయారుచేసే చిన్న కంపెనీకి ట్రెయినీగా వెళ్లేవాణ్ణి. మా ల్యాబ్ మేడమ్ నిక్కచ్చి మనిషి. పొడి రంగు పోల్చడానికి ఆవిడ దగ్గర యంత్రమేమీ లేదు. మ్యాచింగ్ సెంటర్లో కొన్న జాకెట్టు ముక్కల్ని రిజిస్టరులో వరసగా పిన్ను కొట్టి ఉంచేవారు. టంగ్‌స్టన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ నిండుగా ఉంటే పసుపు. హైడ్రోజన్ కొలిమిలో అది కొంచెం తగ్గితే నీలం, ఇంకా తగ్గితే ఊదా, మరీ తగ్గితే గోధుమ రంగు, బొత్తిగా పోతే బూడిదరంగు లోహం. "చీరల కొట్లో మీ అమ్మ వెనకాల నిలబడ్డవాడివేగా, నీకు కష్టమేముంది?" అనేవారు మేడమ్.

కొలిమి నడిపే ఆయన్ని అందరం పెద్దన్న అనేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆయన, పసుపు ఆక్సైడ్ తయారయ్యే కొలిమిలోంచి ట్రే బయటికి లాగాడు. చూద్దును కదా, పొడి నారింజ రంగులో ఉంది! రిజిస్టరులో ఆ రంగు ముక్కే లేదు. నాలో కర్తవ్యదీక్ష పొంగుకొచ్చింది. ఎర్ర సిరాతో "మాల్ ఖరాబు" అని రాసేసి, రంగు మనసులో పెట్టుకుని, సాక్ష్యం కోసం ఏ.ఎస్. రావు నగర్‌లోని మ్యాచింగ్ సెంటర్‌కి పరిగెత్తాను. "చీర ఏదండీ?" అన్నాడు కొట్టతను. "కొలిమిలో ఉంది," అన్నాను. పాపం, నన్ను ఎగాదిగా చూసి ముక్క కత్తిరించి ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి మేడమ్ ట్రే ముందు నిలబడి ఉన్నారు. పొడి నిమ్మపండులా పచ్చగా ఉంది. నేనే పొరబడ్డానేమోనన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు. "ట్రే మార్చేశారు మేడమ్!" అన్నాను, పెద్దన్న ఎదురుగానే.

ఆయన మొహం చిన్నబోయింది. "ఏందీ సారూ, నేను దొంగపని జేసిన అంటున్రా? ఇరవై ఏండ్ల సంది గీ కొలిమి కాడనే ఉన్న. ఒక్క చెంచా మాల్ సుత ఇటుది అటు జెయ్యలె," అని చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టేశాడు. "గిట్ల అన్నంక ఇగ నేను కొలిమి ముట్ట. ఇంటికి పోత."

"ఆయన వెళ్లిపోతే రేపట్నించి కొలిమి నువ్వు నడుపుతావా?" అని మేడమ్ నా మీద పళ్లు నూరి, చెంచాడు పసుపు పొడిని పింగాణీ గిన్నెలో వేసి బర్నరు మీద పెట్టారు. నా కళ్లముందే నారింజ రంగుకి తిరిగింది. దించారు. కాసేపటికి మళ్లీ పసుపు! ఓరి దేవుడా! వేడెక్కితే జింక్ ఆక్సైడ్ రంగు మారుతుందనీ, చల్లారితే మామూలవుతుందనీ పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి నేను; ఇదీ ఆ బాపతేనని ఊహించలేకపోయాను.

"తప్పయింది పెద్దన్నా," అని తొడుగులు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన వాటి దుమ్ము దులిపాడు. "సదువుకున్నోళ్లకు తెల్వదని నేననుకోలె సారూ. అడిగితే నేనే చెప్తుంటి కద," అని వాటిని తొడుక్కున్నాడు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ, ట్రే లాగినప్పుడల్లా "సారూ, ఇంక సల్లారలె, జెర ఆగుండ్రి, బజారుకు పోకుండ్రి!" అని కేకేసేవాడు.

ఆ ముక్క ఇప్పటికీ ఉంది, దాంతో కళ్లజోడు తుడుచుకుంటాను. కొలిమి ముందు రొమ్ము విరుచుకు నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పెద్దన్న మొహం గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొన్న బీరువా సర్దుతూ మా ఆవిడ అడిగింది, "ఇది ఏ చీర మీదికండీ?" అని.

"చీర మీదికి కాదే," అన్నాను. "పక్కనున్న మనిషిని ఒక్క మాట అడక్కుండా కొనేశాను."